ఓవర్సీరు గారి నడక

మా సెక్షనులో నా పిక్కలను మెచ్చుకోని మనిషి లేడు. తూముల తలుపులు ఎత్తి దించే లస్కర్లు మెచ్చుకున్నారు, ధాన్యం పడవలు లాగేవాళ్ళు మెచ్చుకున్నారు, మా కచేరీ గుమాస్తా తన బావమరిదిని వెంటబెట్టుకొచ్చి మరీ చూపించాడు. పంచె ఎగగట్టి నీళ్ళలో దిగితే రెండు పిక్కలూ లేత ఆనపకాయల్లా నున్నగా, గుండ్రంగా కనిపించేవి. పాతికేళ్ళ వయసు, రోజుకు ఏడెనిమిది మైళ్ళు కాలువ గట్ల మీద తిరిగే ఉద్యోగం, ఇంకెలా ఉంటాయి అనేవారు. నేను టేపు పెట్టి కొలుచుకున్నాను. ఏడాదిలో అంగుళంపావు పెరిగాయి. అదే ఏడాదిలో లాకు దగ్గరున్న పదకొండు మెట్లు ఎక్కడానికి నాకు పట్టే సమయం రెట్టింపయింది. ఈ రెండు కొలతలనూ ఒకే కాగితం మీద రాసుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి, మెప్పు ఆగలేదు.

నడక సంగతీ అంతే. నడుము వెనక్కి విరిగి, పొట్ట ముందుకొచ్చి, అడుగు తీసి అడుగు వేసినప్పుడల్లా ఒళ్ళు ఒక పక్కకు ఊగేది. మడమలు నేలకు సరిగా ఆనడం మానేశాయి. చెన్నపట్నంలో సర్వే, లెవెలింగు చదువుకొని వచ్చిన కొత్తలో నేను ఇలా నడిచేవాణ్ణి కాదు. ఉద్యోగంలో చేరాక వచ్చిన నడక కాబట్టి ఉద్యోగమే ఇచ్చిందనుకున్నారు. "నడకలోనే తెలుస్తుందండి అధికారం," అన్నాడు మండపేట దగ్గర ఒక మునసబు. ఆయన నా వెనకాలే నాలుగు అడుగులు అలాగే ఊగుతూ వేసి చూశాడు కూడా.

నాకు మాత్రం ఈ నడక కొత్త కాదు. మా మేనమామ ఇలాగే నడిచేవాడు. కోనసీమలో మా అమ్మ పుట్టింట్లో ఆయన పిక్కలను కూడా ఒకప్పుడు ఊరంతా మెచ్చుకుందట. ఇరవై ఆరో ఏట ఊగడం మొదలైంది. ముప్పై రెండుకు కర్ర. ముప్పై ఆరుకు మంచం. నలభై ఒకటికి, మా అమ్మ ముద్ద కలిపి నోట్లో పెడితేనే తినగలిగేవాడు. ఎగువ లెవెలూ వాలూ తెలిస్తే దిగువ లెవెలు ఎంతో చెప్పడం నేను చదువుకున్న చదువే. నాకు ఆ లెక్క చెయ్యడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

గట్టు ఎక్కలేని ఓవర్సీరును సర్కారు ఉంచదు. ఉద్యోగం పోతే ఇంటికి వెళ్ళి మా మామ పడుకున్న మంచం మీద పడుకోవాలి. మంచం ఇంకా గట్టిగానే ఉంది. అందుచేత నా కాళ్ళ సంగతి ఎవరికీ తెలియకూడదన్నది ఆ రోజుల్లో నాకున్న ఒకే ఒక్క ఆశయం.

రాజమహేంద్రవరంలో నా స్నేహితులకు ఇంతకంటే గొప్ప ఆశయాలు ఉండేవి. బాల్య వివాహాలు, వితంతువుల బాధలు, పెళ్ళిళ్ళలో మేజువాణీలు. వాళ్ళతో పాటు నేనూ ఒక కాగితం మీద సంతకం చేశాను, భోగం మేళం ఆడే చోటికి వెళ్ళనని. ఆ సంతకం కోసమే వెళ్ళి, పనిలో పనిగా అక్కడే ఒక డాక్టరుకు కాళ్ళు చూపించాను. ఆయన పిక్క మీద చరిచి, "ఇలాంటివి పెట్టుకుని డాక్టరు దగ్గరికి రావడం ఏంటయ్యా," అని నవ్వి, విరేచనానికి మందిచ్చాడు. తర్వాత ఒక వైద్యుడు వాతమన్నాడు, ఒకాయన శని అన్నాడు, ఇంకొకాయన చెప్పులు మార్చమన్నాడు. అందరిలోకీ చెప్పుల ఆయనే కొంచెం కాళ్ళ దాకా వచ్చాడు.

పెళ్ళి మాట కూడా చెప్పి ముందుకు వెళ్తాను. చిన్నప్పుడు నాకు చేసిన పెళ్ళిలో ఆ పిల్ల కాపురానికి రాకుండానే జ్వరంతో పోయింది. మళ్ళీ చేస్తామని మా అమ్మ అంటూనే ఉంది. నేను వాయిదా వేస్తూనే ఉన్నాను. అదీ ఆశయమే అనుకున్నారు స్నేహితులు.

మండపేటలో ఒక దేవదాసీ కుటుంబం ఉండేది, తల్లీ కూతురూ. ద్రాక్షారామం గుళ్ళో ఉత్సవాలకు కూతురు ఆడేది. అందుకోసం వాళ్ళకు ఇచ్చిన మాన్యం ఎకరంన్నర. పొలానికి నీళ్ళు తెచ్చే బోదెకు పై రైతు అడ్డుకట్ట వేశాడని తల్లి అర్జీ పెట్టింది. విచారణకు నేనే వెళ్ళాలి. సర్కారు పని కాబట్టి సంతకానికి భంగం లేదనుకుని, ఒక లస్కరును వెంటబెట్టుకుని మధ్యాహ్నం మూడు గంటలకు వెళ్ళాను. లస్కరు బయట అరుగు మీద కూర్చున్నాడు. నేను లోపలికి వెళ్ళాను. కుర్చీ లేదు. కింద చాప పరిచారు.

అప్పటికి ఎనిమిది నెలలుగా నేను పరాయి ఇళ్ళలో కింద కూర్చోలేదు. కూర్చోకుండా తప్పించుకోవడానికి నా దగ్గర ఏడు కారణాలు ఉండేవి. మడి నుంచి మోకాలి దెబ్బ దాకా, ఏ ఇంటికి ఏది పనికొస్తుందో రాసి పెట్టుకున్నాను. భోగం వాళ్ళ ఇంటికి పనికొచ్చేది ఒక్కటీ అందులో లేదు. ఆ ఇంటికి వెళ్తానని ఎప్పుడూ అనుకోలేదు మరి. కూర్చున్నాను. కూర్చోవడం ఎంతసేపు, భూమి లాగుతుంది.

అర్జీ పని పావుగంటలో అయిపోయింది. నేను లేవాలి. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు నేను లేచే పద్ధతి వేరు. బోర్లా తిరిగి, చేతులూ మోకాళ్ళూ నేలకు ఆనించి, తర్వాత చేతులతో నా మోకాళ్ళను, తొడలను పట్టుకుంటూ, చెట్టెక్కినట్టు నన్ను నేనే ఎక్కేవాణ్ణి. సర్కారు ఉద్యోగి ఒక ఆడమనిషి ఎదుట చెయ్యగల పని కాదది. పొలం సరిహద్దులు మళ్ళీ అడిగాను. మాన్యం ఎవరి కాలంలో వచ్చిందో అడిగాను. మజ్జిగ అడిగాను. అర్జీ మొదటి నుంచి చదివి వినిపించమన్నాను. పెద్దావిడ చదివింది. ఇంకో గ్లాసు మజ్జిగ అడిగాను. గంటన్నర గడిచేసరికి పెద్దావిడ ముఖంలో విచారం పోయి, మరేదో వెలుగు వచ్చింది. లోపలికి వెళ్ళి ఒక మెత్తటి పరుపూ దిండూ తెచ్చి నా పక్కన వేసింది.

"అమ్మాయ్, బాబు గారు పాట వింటారు కాబోలు. రా," అని పిలిచింది.

కూతురు వచ్చి గుమ్మంలో నిలబడింది. నా కంటే రెండేళ్ళు పెద్దదై ఉంటుంది.

"ఏం పాడమంటారండి?"

"పాట వద్దండి. నేను సంతకం చేశాను."

"మరేం కావాలండి?"

"ఇంకో గ్లాసు మజ్జిగ."

"అది మూడోదండి," అంది. కాసేపు నన్ను చూసి, తల్లి వైపు తిరిగి, "అమ్మా, పెరట్లో తమలపాకులు లేతవి చూసి కోసుకురా. తొందరేం లేదు," అంది. పెద్దావిడ అన్నీ అర్థమైన దానిలా వెళ్ళింది. అర్థమైంది వేరు.

కూతురు గొంతు తగ్గించి అడిగింది. "లేవలేకపోతున్నారా?"

నేను ఖాళీ గ్లాసు ఎత్తి తాగబోయాను.

"అరుగు ఎక్కేటప్పుడు చూశానండి. స్తంభం పట్టుకుని, చెక్కడం బాగుందని చూస్తున్నట్టు నిలబడ్డారు. ఆ స్తంభానికి చెక్కడం లేదు. నటన ఏం బాగాలేదు."

ఇన్ని నెలల్లో నా కాళ్ళ గురించి నిజం చెప్పిన మొదటి మనిషి ఆవిడ. అది విమర్శ రూపంలో రావడం వల్ల నాకు తట్టుకోవడం సులువైంది. లేచే పద్ధతి చూపించమంది. చూపించాను. మధ్యలోనే ఆపింది.

"మీరు లేవడం ఒక్క కదలిక అనుకుంటున్నారు. అయిదండి. ఒక్కోదానికీ ఒక సాకు కావాలి. చూడండి."

నా ఎదురుగా కూర్చుని చేసి చూపించింది. ఉత్తరీయం జారిపోయినట్టు పక్కకు తిరగాలి. దాన్ని అందుకుంటున్నట్టు రెండు చేతులూ నేలకు ఆనించాలి. ఏదో గుర్తొచ్చి ఆగినట్టు ఒక మోకాలి మీద నిలవాలి. ఆ మోకాలి మీద చెయ్యి వేసి ఎదుటివారితో ఒక మాట మొదలుపెట్టాలి. మాట పూర్తయ్యేలోగా లేవాలి.

"మాట బాగుండాలండి. మాట బాగుంటే కాళ్ళ వంక ఎవరూ చూడరు."

ఆరుసార్లు ప్రయత్నించాను. ఆరోసారి లేచాను. బయటికి వచ్చేసరికి వీధిలో దీపాలు పెడుతున్నారు. అరుగు మీద లస్కరు చుట్ట పారేసి లేచి నిలబడ్డాడు. అంతకుముందు అతను నాకు ఎప్పుడూ అంత వంగి దణ్ణం పెట్టలేదు.

"ఆయ్, విచారణ బాగా జరిగినట్టుందండి," అన్నాడు.

మర్నాటికి కాలువ పొడుగునా తెలిసిపోయింది. నేను భయపడినట్టు ఏమీ జరగలేదు. మిల్లు షావుకారు ఎదురొచ్చి పలకరించాడు. అంతవరకు నా ఉత్తరువులను రెండుసార్లు చెప్పించుకునే రైతులు ఒక్కసారికే వినసాగారు. అంతకుముందు నేను చెన్నపట్నం పుస్తకాలు చదివిన కుర్రవాణ్ణి. ఇప్పుడు నాకో ఇల్లుంది, ఒక అభిరుచి ఉంది, వెనక ఏదో ఆస్తి కూడా ఉండి ఉంటుంది. ఊగే నడకకు ఇంకో అర్థం కూడా చెప్పుకున్నారని లస్కరు చాలా గౌరవంగా నాకు తెలియజేశాడు.

రాజమహేంద్రవరం స్నేహితులు నా పేరు కొట్టేశారు. అందులో ఒకడు ఉత్తరం రాశాడు, పతనానికి కారణం వివరిస్తే సానుభూతితో ఆలోచిస్తామని. కారణం వివరిస్తే ఉద్యోగం పోతుంది. పతనంతో సరిపెట్టుకున్నాను.

అలా నాకు ఒక మంచి చాటు దొరికింది. రోజూ సాయంత్రం నాలుగున్నరకు అందరూ చూస్తుండగా ఆ ఇంటికి వెళ్ళేవాణ్ణి. తలుపు వేసుకుని లేవడం, కూర్చోవడం, మెట్లు దిగడం సాధన చేసేవాళ్ళం. కాలు ఆలస్యంగా వస్తే ఆ ఆలస్యాన్ని ఎక్కడ దాచాలో నేర్పేది. నడుస్తూ ఆగవలసి వస్తే ఊరికే ఆగకూడదు, ఏదో చూపించడానికి ఆగాలి. చెయ్యి చాపి చూపిస్తే ఎదుటివాడి కళ్ళు చేతి వెంట పోతాయి. "నిదానంగా చాపండి. వాళ్ళు ఎంతసేపు చూస్తే మీ కాళ్ళకు అంతసేపు సెలవు."

నేను ఆవిణ్ణి మీరు అనేవాణ్ణి. మొదటి వారంలోనే నవ్వింది.

"మమ్మల్ని ఎవరూ మీరు అనరండి. కొత్తగా ఉంది. ఆపకండి, ఎన్నాళ్ళు అనగలరో చూస్తాను."

పెద్దావిడకు ఇదంతా నచ్చలేదు. నచ్చకపోవడానికి న్యాయమైన కారణం ఉంది. నేను రోజూ వస్తున్నానని తెలిసి మిగిలిన పెద్దమనుషులు రావడం మానుకున్నారు. ఒకరి ఇంటికి ఇంకొకరు వెళ్ళరట, మర్యాద. అయిదో నెలలో ఒక సాయంత్రం ఆవిడ నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"బాబు గారూ, మా వంశంలో రకరకాల రసికుల్ని చూశామండి. రోజూ వచ్చి లేచి కూర్చుని వెళ్ళే రసికుణ్ణి చూడలేదు. మీరు పాట వినరు, ఇంకొకర్ని విననివ్వరు. ఉంచుకుంటే ఉంచుకోండి. లేకపోతే లేవడం ఇంకో చోట నేర్చుకోండి."

"ఉంచుకోవడం నాకు సమ్మతం కాదండి," అన్నాను. తర్వాతి మాట నేను ముందుగా అనుకోలేదు. "పెళ్ళి చేసుకుంటాను."

పెద్దావిడ చేతిలో వక్కలు కింద పడ్డాయి. "పెళ్ళేంటి? దాని పెళ్ళి దేవుడితో ఎప్పుడో అయింది. ఇప్పుడు మనిషికిచ్చి చేస్తే మా పరువేం కావాలి? మంచివారని రానిస్తే ఇంత మాటంటారా?"

కూతురు అటు తిరిగి నవ్వు ఆపుకుంటోంది. తల్లి లోపలికి వెళ్ళాక నా పక్కన వచ్చి కూర్చుంది. నేను మా మామ సంగతి అప్పుడు చెప్పాను. ఏ వయసులో ఏది పోయిందో వరుసగా చెప్పి, నా కొలతల పుస్తకం తీసి చూపించాను. మెట్లకు పట్టే సమయం, పిక్కల చుట్టుకొలత, నెలకు ఎన్నిసార్లు పడ్డానన్నది, అన్నీ గళ్ళు గీసి ఉన్నాయి. ఆవిడకు చదువు బాగా వచ్చు. పేజీలన్నీ తిప్పింది.

"నాకూ అంతేనండి," అంది. "ఇంకో ఆరేడేళ్ళు. తర్వాత మోకాళ్ళు వంగవు, ఉత్సవానికి చిన్నవాళ్ళను పిలుస్తారు. ఇలా గళ్ళు గీసుకోలేదు గానీ, తెలుసు." పుస్తకం మూసి ఇచ్చేస్తూ, "ఇందులో నేనెక్కడా లేనేంటి?" అని అడిగింది.

మర్నాడు ఇంకో గడి గీశాను. అందులో ఏం కొలవాలో తోచక ఆరు వారాలు ఖాళీగా ఉంచి, చివరికి గడి గీయడమే మానేశాను. నేను పని మధ్యలో వదిలేయడం అదే మొదలు. ఆ ఆరు వారాల్లో ఆవిణ్ణి నువ్వు అనడం కూడా మొదలుపెట్టాను. అది విని, ఎన్నాళ్ళు అనగలరో చూస్తానన్న పందెం తనే గెలిచానంది. పెళ్ళి మాట లేకుండా, పెద్దావిడ పరువుకు భంగం లేని పద్ధతిలోనే అంతా జరిగింది.

ఎండాకాలం కాలువలు కట్టేసి మరమ్మతులు చేస్తారు. అప్పుడు ఇంజనీరు దొర తనిఖీకి వస్తాడు. మా సెక్షను చివరి దాకా పడవలో వచ్చి, నీళ్ళు తీసిన చోట దిగి, రెండు మైళ్ళు గట్టు మీద నడుస్తాడని కబురొచ్చింది. దొర పొడుగాటి మనిషి, పరుగులాంటి నడక. ఇరవై రోజులు సాధన చేశాం. ఆవిడ ఇంట్లో వసారాను గట్టు అనుకుని, ఎక్కడ ఆగాలో ముగ్గుతో గుర్తులు పెట్టింది. మొత్తం పద్నాలుగు చోట్ల ఆగాలి. పద్నాలుగు చోట్లా చూపించడానికి ఒకటి ఉండాలి. లేనిచోట నేను తయారు చేశాను.

ఆ ఉదయం నేను చూపించినన్ని విషయాలు ఆ కాలువ గురించి ఎవరూ ఎన్నడూ చూపించి ఉండరు. గండి పడబోయే చోటు చూపించాను. గండి పడని చోటు, ఎందుకు పడదో చూపించాను. దూరంగా మురుగు కోడు ఎటు తిరుగుతుందో, చెయ్యి భుజం నుంచి మెల్లగా చాపి, వేళ్ళ చివరి దాకా తీసుకెళ్ళి చూపించాను. దొర ఆ వైపే చూస్తూ నిలబడిపోయాడు. నా కాళ్ళు సెలవు తీసుకున్నాయి. రెండు మైళ్ళూ అయ్యాక నన్ను పైనుంచి కింది దాకా చూసి, పిక్కల దగ్గర చూపు ఆపి, "మంచి నడకగాడివి," అన్నాడు తెలుగులో.

మూడు వారాలకు ఉత్తరువు వచ్చింది. భూమిని చూసే కన్ను, నడిచే సత్తువ ఉన్నవాడు కాబట్టి నన్ను గోదావరి ఎగువన కొండల్లో సర్వే పార్టీకి, పై హోదాతో, వెంటనే పంపమని. అక్కడ దారులు లేవు. కొండలెక్కుతూ కొలత చైను లాగించాలి.

ఆ కాగితం పట్టుకుని ఆ ఇంటికి వెళ్ళాను. ఆవిడ చదివి, "మరీ బాగా నేర్పాను," అంది. వెళ్తే రెండు రోజుల్లో ఏదో ఒక కొండ మీద కూలబడతాను, తెలిసిపోతుంది. ఆవిడకు గుడి ఉంది, మేళం ఉంది, తల్లి ఉంది, నా వెంట రావడానికి వీల్లేదు. వెళ్ళకుండా ఉండాలంటే ఏ సంగతి దాచడానికి రెండేళ్ళు కష్టపడ్డానో అదే వెళ్ళి చెప్పుకోవాలి. చెబితే ఉద్యోగం ఉండదు, ఉద్యోగం లేకపోతే మండపేటలో ఉండడానికి నాకు కారణం ఉండదు.

"కారణం నేనవుతాను," అంది ఆవిడ. "అమ్మ సంగతి నేను చూసుకుంటాను. మీరు వెళ్ళి చెప్పండి."

దొర పడవ లాకు దగ్గర కట్టి ఉంది. లస్కరు నాకు తోడు వచ్చి బల్లకట్టు దాటించాడు. నేను చెప్పిందంతా దొర విన్నాడు. నమ్మలేదు. ఆయనకు అప్పటికే చెప్పవలసిన వాళ్ళు చెప్పవలసింది చెప్పారు.

"నీకు జబ్బేమీ లేదు. ఆటకత్తె ఉంది," అన్నాడు. "దానికోసం అబద్ధం చెబుతున్నావు. రెండు మైళ్ళు నేను నీతో నడిచాను."

పడవ చెక్కల మీద కూర్చున్నాను. ఉత్తరీయం జారలేదు. ఏ మాటా గుర్తు రాలేదు. ఏ సాకూ లేకుండా, ఇంట్లో ఒంటరిగా లేచినట్టు బోర్లా తిరిగి, చేతులు నేలకు ఆనించి, నా మోకాళ్ళు పట్టుకుని ఎక్కడం మొదలుపెట్టాను. తొడల దాకా వచ్చి చేతులు జారాయి. మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ జారాయి. దొర ముందు చూశాడు, తర్వాత కిటికీలోంచి నీళ్ళ వైపు చూశాడు. మూడోసారి ఆయనే లస్కరును కేకవేశాడు. లస్కరు నా చంకల కింద చేతులు వేసి ఎత్తి నిలబెట్టాడు.

గట్టు మీదికి వచ్చాక చెప్పాడు. "ఆ ఇంటికి మీరు ఇందుకా అండి వెళ్ళింది? నేను కాలువంతా ఏదేదో చెప్పానండి."

"చెప్పు, పర్వాలేదు. ఇప్పుడిది చెప్పు."

చెప్పాడు. కనిపించిన వాళ్ళందరికీ చెప్పాడు. ఒక్కరూ నమ్మలేదు. అలాంటి పిక్కలున్న మనిషికి జబ్బేంటి అన్నారు. భోగందాని కోసం సర్కారు ఉద్యోగం వదిలేశాడు, అదీ పై హోదా వచ్చాక, అన్నారు. దొర ముందు కూలబడ్డాడా? ప్రేమ అలాంటిది, అన్నారు. నాకు పరువు పోయిందని అనుకోవడానికి ఎక్కడా సందు దొరకలేదు.

మా అమ్మ నమ్మింది. ఎవరిచేతో ఒక కార్డు రాయించింది. కులం మాట, ఊళ్ళోవాళ్ళ మాట ఏమీ లేదు. మామ సంగతి నాకు రాబోతోందని నా పదో ఏటే తనకు తెలుసునని, చెప్పలేకపోయానని రాయించి, చివర ఒక ప్రశ్న అడిగింది. "ఆవిడ నిన్ను లేపుతోందా?" లేపుతోందని జవాబు రాశాను.

ఇది జరిగి అయిదేళ్ళయింది. నాకిప్పుడు ముప్పై రెండు. ఆ ఇంట్లోనే ఉంటున్నాను. ఎవరు ఎవర్ని ఉంచుకున్నారన్న విషయంలో లోకానిది ఒక అభిప్రాయం, పెద్దావిడది ఒక అభిప్రాయం. పెద్దావిడదే సరైనది. నడక మొదటి మూడేళ్ళలో పోయింది. కూర్చున్న చోటే పని కావాలి నాకు. మేళంలో తాళాలు వేసే ముసలాయన చనిపోతే ఆ కంచు తాళాలు నా చేతిలో పెట్టింది ఆవిడ. లెక్కంటే నాకు ఇష్టం కాబట్టి వస్తుందనుకుంది. వచ్చింది, మరీ లెక్కగా.

"గడియారానికి ఎవరైనా ఆడతారా?" అని విసుక్కునేది. "మీ తాళం ఎండుకర్రలా ఉంది. అడుగు ఎక్కడ వాలుతుందో దానికి తెలియాలి."

ఏడాది పోయాక ఆ విసుగు పోయింది. నా తాళం మెత్తబడిందంది. నేను చేతులను కొలుచుకున్నాను. మెత్తబడింది తాళం కాదు, భుజం. కుడి చెయ్యి ఎత్తడానికి రెప్పపాటు ఎక్కువ పడుతోంది. ఇంకొకర్ని పెట్టుకోమన్నాను. ఆవిడ వినిపించుకోలేదు. మర్నాటి నుంచి ఆ రెప్పపాటు తన అడుగులో కలుపుకుంది. పాదం ఎత్తి, నా చెయ్యి వచ్చే దాకా గాలిలో ఆపి, అప్పుడు వాల్చేది. ఆరు నెలలకోసారి నా చెయ్యి ఇంకొంచెం ఆలస్యమయ్యేది, ఆవిడ పాదం ఇంకొంచెం ఆగేది.

పోయినేడు ద్రాక్షారామం కల్యాణోత్సవంలో మధ్యాహ్నం ఆట చూసిన పెద్దలు దీన్ని పట్టుకున్నారు. ఇది పూర్వకాలపు విలంబమని, ఇప్పుడెక్కడా లేదని, ఇంత నిలుపు ఉండాలంటే మంచి గురు పరంపర ఉండాలని ఒకాయన అన్నాడు. కాదు, ఇది దక్షిణాది పద్ధతని ఇంకొకాయన అన్నాడు. ఇద్దరూ నన్నే తీర్పు చెప్పమన్నారు. ఇది మా కుటుంబంలోదే అన్నాను. ఇద్దరూ ఒప్పుకున్నారు.

పోయిన నెలలో మరో ఊరి మేళంలో తాళాలు వేసే ఆయన నేర్చుకోవడానికి మా ఇంటికే వచ్చాడు. నలభై ఏళ్ళ దిట్టమైన మనిషి. పది రోజులు నా ఎదురుగా కూర్చున్నాడు. చెయ్యి ఎత్తే ముందు ఆ చిన్న ఆగుడు ఆయనకు పట్టుబడలేదు. ఎక్కువ ఆగితే తాళం తప్పుతోంది, తక్కువ ఆగితే మామూలుగా ఉంటోంది.

"దీనికి ఎన్నేళ్ళు సాధన చేశారండి?" అని అడిగాడు.

"ఏడేళ్ళు," అన్నాను. లెక్క తప్పు కాదు.

ఆయన దణ్ణం పెట్టి వెళ్ళిపోయాక ఆవిడతో అన్నాను, వచ్చే ఏడు ఉత్సవానికి నా చెయ్యి లేవదని. ఇది అంచనా కాదు, కొలిచి చెబుతున్నానన్నాను. ఆవిడ గజ్జెలు విప్పుతోంది. తల ఎత్తలేదు.

"తెలుసు. పద్యాలకు తాళం ఉండదు కదండి," అంది. "కూర్చుని అభినయం పట్టేవి నలభై దాకా వచ్చు నాకు. పదిహేను రోజుల నుంచి పొద్దున్నే అవే చేస్తున్నాను. మీరు ఇంకా నిద్రలో ఉంటున్నారు."

"పద్యాలకు ఎవడొస్తాడే?" అంది లోపలి నుంచి పెద్దావిడ.

"ఈయన వింటారమ్మా," అంది ఆవిడ.

నేను కాగితం అడిగాను. ఆవిడే తెచ్చి పలకమీద పెట్టి, కలం నా వేళ్ళ మధ్య ఇరికించింది. ఆ నలభై పద్యాలూ ఏవేవో వరుసగా చెప్పమన్నాను.